ఒకే సీసాలో ఐదు రకాల తామర పురుగులు: ఒక మిరప నమూనా కేస్ స్టడీ

మిరప పూల నుంచి, చిగుళ్ల నుంచి కలిపి దులిపిన తామర పురుగులు (త్రిప్స్) ఒకే సీసాలో గుర్తింపు కోసం మా దగ్గరికి వచ్చాయి. పంపినవారు ఒక పంట సలహాదారు. లేబుల్ మీద 'నల్ల తామర పురుగు, పిల్లలతో సహా' అని రాసి ఉంది. ఫోన్లో ఆయన అడిగింది కూడా అదే: "సర్, నల్లవి పెద్దవి, పసుపువి వాటి పిల్లలు. పేరు ఖాయం చేసి ఒక్క ముక్క రాసివ్వండి చాలు."

దీనికి తోడు ఇంకో టెన్షన్ ఉంది. ఫోటోలు చూసిన వేరే ఎవరో ఇది వెస్టర్న్ ఫ్లవర్ త్రిప్స్, అంటే ఫ్రాంక్లినియెల్లా ఆక్సిడెంటాలిస్ కావచ్చని అన్నారట. చాలా దేశాల క్వారంటైన్ జాబితాల్లో ఉన్న పేరు అది. అలాంటి పేరు ఆధారం లేకుండా ఒకసారి బయటికి పోతే వెనక్కి తీసుకోవడం కష్టం. కాబట్టి నాకు వచ్చిన అసలు ప్రశ్నలు రెండు. ఇవన్నీ ఒకటేనా? వీటిలో ఆక్సిడెంటాలిస్ ఉందా?

తోటలో కనిపించిన లక్షణాలు కూడా ఒక పురుగు కథలా లేవు. చిగురాకులు అంచుల నుంచి పైకి ముడుచుకుని పడవలా అయ్యాయి. ఇది రైతులందరికీ తెలిసిన పైముడత. మరోవైపు పూల రేకుల మీద గోధుమ గీతలు, పూత రాలడం, పిందెల మీద గరుకు మచ్చలు. ఈ రెండూ ఒకే మొక్క మీద ఉన్నాయి కాబట్టి ఒకే పురుగు చేసిందని సలహాదారు అనుకున్నారు. అందులో తప్పు పట్టడానికేం లేదు. మిల్లీమీటరు పొడవున్న ప్రాణి పూవులో ఒకటి, చిగురులో ఇంకొకటి అని కంటితో చూసి ఎవరూ చెప్పలేరు.

నల్ల తామర పురుగు అన్న పేరు మిరప రైతుల నోట్లో నలగడానికి కారణం త్రిప్స్ పార్విస్పైనస్. భారతదేశంలో ఇది 2015లో బెంగళూరులో బొప్పాయి మీద ఉన్నట్టు నమోదైంది, 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప తోటల్ని దెబ్బతీసింది. అప్పటినుంచి పూవులో ముదురు రంగు తామర పురుగు కనిపిస్తే చాలు, ఆ పేరే పెట్టేస్తున్నారు. చాలాసార్లు అది నిజమే అవుతుంది. చిక్కల్లా మిగతా సార్లతోనే.

రంగును ఎంతవరకు నమ్మాలి

తామర పురుగుల్లో రంగు మొదటి కబురు మాత్రమే, సాక్ష్యం కాదు. ఉల్లి మీద ఎక్కువగా కనిపించే త్రిప్స్ టబాకి వెచ్చటి వాతావరణంలో పెరిగితే లేత పసుపుగా, చలిలో పెరిగితే ముదురు గోధుమగా వస్తుంది. ఆక్సిడెంటాలిస్‌లో లేత, మధ్యస్థ, ముదురు రూపాలు మూడూ ఉన్నాయి. ఫ్రాంక్లినియెల్లా షుల్ట్‌జైలో గోధుమ రంగుది, పసుపుది రెండూ ఉన్నాయి. కొన్ని జాతుల్లో ఆడది ముదురుగా, మగది పసుపుగా ఉంటుంది. వీటికి తోడు అప్పుడే ప్యూపా నుంచి బయటికి వచ్చిన పెద్ద పురుగు ఇంకా రంగు తేలక పాలిపోయి ఉంటుంది. ఇన్ని తెలిసి కూడా ఫోన్ ఫోటోలో రంగు చూసి జాతి పేరు చెప్పేవాళ్ల ధైర్యం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

అందుకే సీసా తెరిచాక మొదటి పని, రంగును పక్కనపెట్టి వయసు చూడటం. స్టీరియో మైక్రోస్కోప్ కింద పసుపువాటిని విడిగా తీశాను. పిల్ల పురుగులకు రెక్కలుండవు. ప్యూపా దశల్లో రెక్కల మొగ్గలు కనిపిస్తాయి కానీ అంచున కుచ్చు వెంట్రుకలుండవు, పూర్తి ప్యూపాలో మీసాలు తల మీదుగా వెనక్కి మడిచి ఉంటాయి. ఈ సీసాలోని పసుపు పురుగుల్లో చాలావాటికి కుచ్చు రెక్కలు పూర్తిగా ఉన్నాయి. అంటే అవి పిల్లలు కావు, పెద్దవే. సలహాదారు చెప్పిన కథ సగం ఇక్కడే సడలిపోయింది.

అదే చూపులో నడినెత్తిన ఉండే మూడు చిన్న కళ్ల రంగు కూడా రాసుకున్నాను. టబాకిలో ఈ సరళ నేత్రాల రంగు బూడిదగా ఉంటుంది, మిగతా చాలా జాతుల్లో ఎరుపు. ఇక్కడ చూసినవాటన్నిటికీ ఎరుపే. స్లైడ్ చేయడానికి క్షారంలో వేసిన తర్వాత ఈ రంగు పోతుంది కాబట్టి ముందే చూసి రాసుకోకపోతే ఒక మంచి ఆధారం చేజారుతుంది. దీంతో టబాకి అనుమానం తగ్గింది కానీ కొట్టేయలేదు. ఒక్క లక్షణంతో ఏ పేరునూ కొట్టేయకూడదు, ఏ పేరునూ ఖాయం చేయకూడదు.

స్లైడ్ లేకుండా పేరు లేదు

పొడి గాజు పలక మీద పురుగును పెట్టి పైనుంచి చూస్తే కుటుంబం దాకా వెళ్లొచ్చు, ఒక్కోసారి ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు దాకా. జాతి కావాలంటే 400 రెట్లు పెంచి చూడాలి. అందుకు పురుగు లోపల కండ ఉండకూడదు, పైతొక్క మాత్రమే మిగలాలి. నేను 5 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో చల్లగానే, వేడి చేయకుండా ఉంచుతాను. లేత పసుపువి త్వరగా తేటపడతాయి. ముదురువాటికి రాత్రంతా పట్టొచ్చు. పొట్టను సన్నటి సూదితో గుచ్చి మెల్లగా నొక్కితే లోపలిది బయటికి వచ్చేస్తుంది. తర్వాత నీళ్లు, పలచటి ఆల్కహాల్ నుంచి చిక్కటి ఆల్కహాల్ దాకా ఒక్కో మెట్టు, లవంగ నూనె, చివరికి పురుగును స్లైడ్ మీద నిలిపే కెనడా బాల్సమ్ అనే జిగురు. ఓవెన్లో 35 నుంచి 40 డిగ్రీల దగ్గర వారాల తరబడి ఆరాలి. తొందరలో బాల్సమ్‌కు బదులు హోయర్స్ అనే మాధ్యమంలో పెట్టి చూసి చెప్పొచ్చు, కానీ శాశ్వతంగా దాచుకోవాలంటే అది నమ్మకమైనది కాదు.

ముదురు రంగు పురుగుల స్లైడులు కొన్నింటిని క్షారంలో వేయకుండానే చేస్తాను. క్షారంలో ఎక్కువసేపు ఉంటే రంగు వెలిసిపోతుంది. మీసంలో ఏ ఖండం పసుపు, ఏది గోధుమ అన్నది కూడా జాతి గుర్తింపులో పనికొచ్చే విషయమే. రంగు నమ్మొద్దని పైన అన్నాను కదా, అది ఒళ్లంతటి రంగు గురించి. మీసం ఖండాల మీద, రెక్క అడుగు భాగంలో రంగు ఎలా పంచుకుని ఉందన్నది వేరే సంగతి.

రెక్కలు విప్పి, మీసాలు చాచి, కాళ్లు పక్కకి జరిపి అమర్చడానికి ఓపిక కావాలి. కవర్‌స్లిప్ కింద పురుగు పక్కకు ఒరిగితే తల మీది రోమాలు ఉన్నచోట కాకుండా ఇంకోచోట ఉన్నట్టు కనిపిస్తాయి. ఈ కేసులో ఒక స్లైడును ఆ కారణంగానే లెక్కలోకి తీసుకోలేదు.

నల్లవాటిలో అన్నిటికంటే నల్లనిది

సీసాలో నిజంగా నల్లగా నిగనిగలాడేవి కొద్దిగానే ఉన్నాయి. వాటి గుర్తింపు అన్నిటికంటే తేలిక. పొట్ట చివరి ఖండం గొట్టంలా ఉంది, ఆడవాటికి రంపంలాంటి గుడ్లు పెట్టే సాధనం లేదు, రెక్కల్లో నరాలు లేవు, రెక్కల అంచు వెంట్రుకలకు అడుగున గుంతలు లేవు. తామర పురుగుల క్రమంలో ఉన్న రెండు ఉపక్రమాల్లో ట్యుబ్యులిఫెరా అంటే ఇదే. రెండోది టెరిబ్రాంషియా, అందులో ఆడదాని పొట్ట చివర శంఖువులా సన్నబడి ఉంటుంది. పంటల మీద మనం భయపడే జాతులు చాలావరకు ఈ రెండోదానిలోని త్రిపిడే కుటుంబానివి.

ఈ నల్లవాటి ముందు రెక్క నడుమ సన్నబడి ఉంది. హాప్లోత్రిప్స్ ప్రజాతి. పూలలో ఇవి మామూలే. ఇక్కడి ప్రశ్నకు దీని జాతి అవసరం లేదు కాబట్టి ప్రజాతి దగ్గర ఆపాను. సీసాలో అన్నిటికంటే నల్లనిది అసలు 'నల్ల తామర పురుగు' కుటుంబానిదే కాదన్నమాట.

గోధుమ రంగు పురుగులు: ఒకటా, రెండా?

అసలు పని ఇక్కడే. పైకి చూస్తే ఈ గోధుమ పురుగులన్నీ ఒక్కటే. తల, ఛాతీ కొంచెం లేతగా, పొట్ట ముదురుగా, రెక్కలు గోధుమగా ఉండి అడుగున లేతగా. 400 రెట్లలో రెండు గుంపులుగా విడిపోయాయి.

నేను ఎప్పుడూ మూడు చోట్ల మొదలుపెడతాను: మీసం ఖండాలు, నెత్తి మీది రోమాలు, ఛాతీ మొదటి పలక, అంటే ప్రోనోటం. ఫ్రాంక్లినియెల్లా ప్రజాతిలో మీసానికి 8 ఖండాలు, నెత్తి మీద సరళ నేత్రాల దగ్గర మూడు జతల రోమాలు, ప్రోనోటం ముందు అంచున కూడా పొడవాటి రోమాలు. త్రిప్స్ ప్రజాతిలో సాధారణంగా 7 ఖండాలు, నెత్తి మీద మొదటి జత ఉండదు కాబట్టి రెండే జతలు, ప్రోనోటంలో వెనక మూలల్లో మాత్రమే రెండు జతల పొడవాటి రోమాలు. ముందు అంచు బోసిగా ఉంటుంది. ఈ ఒక్క తేడా అలవాటైతే స్టీరియో కిందే దొరికిపోతుంది. ముందు అంచున రోమాలు బయటికి పొడుచుకుని ఉన్నాయా, లేవా అంతే.

త్రిప్స్ ప్రజాతిలో కొన్ని జాతులకు 8 ఖండాల మీసం కూడా వస్తుంది. త్రిప్స్ హవాయియెన్సిస్‌లో 7, 8 రెండూ కనిపిస్తాయి. అందుకని ఖండాల లెక్కతో తృప్తి పడకుండా పొట్ట ఎనిమిదో ఖండం పైపలక చూడాలి. అక్కడ టెనీడియా అనే చిన్న ముళ్ల వరస ఉంటుంది. త్రిప్స్‌లో అది శ్వాసరంధ్రానికి వెనక, మధ్యవైపుకు ఉంటుంది. ఫ్రాంక్లినియెల్లాలో శ్వాసరంధ్రానికి ముందు ఉంటుంది. మీసం విరిగిన నమూనాల్లో నన్ను గట్టెక్కించేది ఎక్కువగా ఇదే. సీసాలో ఊగుతూ ప్రయాణం చేసిన పురుగుల మీసాలు విరగకుండా రావడం అరుదు.

గోధుమవాటిలో ఎక్కువ భాగం త్రిప్స్ ప్రజాతికి వెళ్లాయి. ఈ ప్రజాతిలో దాదాపు మూడు వందల జాతులున్నాయి, అయినా పూలలో దొరికే గోధుమ రంగువి అనుకుంటే జాబితా చిన్నదే. ముందు రెక్క మొదటి నరం మీద రోమాల వరస చూశాను. త్రిప్స్‌లో చాలా జాతులకు ఈ వరస మధ్యలో తెగి, చివరి సగంలో మూడు లేదా నాలుగు రోమాలు మాత్రమే మిగులుతాయి. వీటిలో మాత్రం అడుగు నుంచి చివరి దాకా వరస తెగకుండా నిండుగా ఉంది. ఈ ఒక్క లక్షణం హవాయియెన్సిస్‌ను పక్కకు నెట్టేస్తుంది, ఎందుకంటే దానికి చివర మూడు రోమాలే ఉంటాయి.

అయినా రెండో సాక్ష్యం కావాలి. పొట్ట కింది పలకలు తిరగేసి చూడాలి, ఇక్కడే స్లైడ్ బాగా తేటపడి ఉండటం ఎంత ముఖ్యమో తెలుస్తుంది. మూడో ఖండం నుంచి ఆరో ఖండం దాకా పలక మధ్యలో అదనపు రోమాలు ఉన్నాయి. ఏడో పలక మీద లేవు. హవాయియెన్సిస్ అయితే ఏడో పలక మీద కూడా ఉంటాయి. మూడో సాక్ష్యం, ఎనిమిదో ఖండం వెనక అంచున దువ్వెనలాంటి సన్నటి ముళ్ల వరస లేకపోవడం. నాలుగోది, ఛాతీ మూడో పలక, అంటే మెటానోటం మీద వలలాంటి గీతలుండి, సెన్సిల్లా అనే చిన్న గుండ్రటి రంధ్రాలు లేకపోవడం. నాలుగూ ఒకే పేరు చెప్పాయి: త్రిప్స్ పార్విస్పైనస్, ఆడవి. సలహాదారు అనుమానం ఇక్కడ నిజమే.

మెటానోటం సెన్సిల్లా గురించి ఒక మాట. 'ఉంది' అని చెప్పడం సులువు, 'లేదు' అని చెప్పడం కష్టం. దుమ్ము, మిగిలిపోయిన కండ, ఫోకస్ కొంచెం అటూ ఇటూ అయినా ఆ చిన్న రింగులు మాయమవుతాయి. లేవని రాయాలంటే ఒక స్లైడు సరిపోదు. అదే సీసాలో అదే రకంవి కొన్ని చూడాలి, పారదర్శకమైనవాటిని స్పష్టంగా చూపే ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోప్ ఉంటే వాడాలి, ఫోకస్‌ను మెల్లగా పైకీ కిందకీ తిప్పుతూ ఆ చోటంతా వెతకాలి. అప్పుడే 'లేదు' అన్నమాటకు విలువ.

ఆక్సిడెంటాలిస్ అనుమానం తీరిన చోటు

మిగిలిన గోధుమ పురుగులకు 8 ఖండాల మీసం, ప్రోనోటం ముందు అంచున పొడవాటి రోమాలు, మొదటి నరం మీద నిండు వరస, శ్వాసరంధ్రానికి ముందు టెనీడియా. ఫ్రాంక్లినియెల్లా అనడంలో అనుమానం లేదు. ఫోటో చూసి ఆక్సిడెంటాలిస్ అన్నవారు ఏ పురుగును చూసి అన్నారో తెలియదు, ఒకవేళ దీన్నే చూసి ఉంటే ప్రజాతి దాకా వాళ్లు కరెక్టే. ఈ ప్రజాతిలో రెండు వందలకు పైగా జాతులున్నాయి, ఆక్సిడెంటాలిస్ వాటిలో ఒకటి.

ఆక్సిడెంటాలిస్ అయితే నెత్తి మీది మూడో జత రోమాలు పొడవుగా, మూడు సరళ నేత్రాలు కలిసి ఏర్పడే త్రికోణం ముందు అంచు మీద, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. కళ్ల వెనక ఉండే రోమాల వరసలో నాలుగో జత ప్రత్యేకంగా పొడవుగా ఉంటుంది. మెటానోటం మీద సెన్సిల్లా ఉంటాయి. ఎనిమిదో ఖండం వెనక అంచున దువ్వెన పూర్తిగా ఉంటుంది, దాని పళ్లు వెడల్పాటి అడుగుల మీద నిలబడి ఉంటాయి.

ఇక్కడ నాలుగూ తేడాయే. మూడో జత రోమాలు వెనక నేత్రాల ముందు అంచుల మధ్యలో, దాదాపు పక్కపక్కన పుట్టాయి. కళ్ల వెనక నాలుగో జత అంత పొడవు లేదు. మెటానోటం మీద సెన్సిల్లా లేవు. దువ్వెన కూడా లేదు. ఇది ఫ్రాంక్లినియెల్లా షుల్ట్‌జై, గోధుమ రూపం. నెత్తి మీద ఆ రెండు రోమాలు అంత దగ్గరగా ఉండటం ఒకసారి చూస్తే మర్చిపోలేరు. కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు ఆక్సిడెంటాలిస్ స్లైడ్ పక్కన షుల్ట్‌జై స్లైడ్ పెట్టి, ఇంకేం చూడొద్దు, నెత్తి మాత్రమే చూడండని చెబుతాను.

ఫ్రాంక్లినియెల్లా ఇంటోన్సా అయ్యే అవకాశం కూడా ఆలోచించాను. దానికీ మెటానోటం మీద సెన్సిల్లా ఉండవు, కానీ దువ్వెన పూర్తిగా ఉంటుంది. ఇక్కడ దువ్వెన లేదు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

ఈ ఫలితాన్ని రిపోర్టు కోసం ఆగకుండా అప్పుడే ఫోన్ చేసి చెప్పాను. "ఆక్సిడెంటాలిస్ ఈ నమూనాలో లేదండీ" అని. 'ఈ నమూనాలో' అన్నమాట మీద కావాలనే ఒత్తి చెప్పాను. ఒక సీసా చూసి తోటలోనే లేదని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

పసుపువి మూడు రకాలు

పిల్లలు అని లేబుల్ మీద రాసిన పసుపు పెద్ద పురుగుల్లో మొదట తేలిపోయింది సిర్టోత్రిప్స్ డోర్సాలిస్. మిగతావాటికంటే చిన్నది. లేత పసుపు ఒళ్లు, పొట్ట మీద ప్రతి ఖండం ముందు అంచున సన్నటి ముదురు గీత, పైపలకల మధ్యలో చిన్న గోధుమ మచ్చ. మీసానికి 8 ఖండాలు, మొదటిది లేత, రెండో ఖండం నుంచి ముదురు. ప్రోనోటం మీద అడ్డంగా దగ్గరదగ్గరగా గీతలు. పొట్ట పైపలకల రెండు పక్కలా వరసలు వరసలుగా సన్నటి నూగు ఉంటుంది, టెనీడియా ఉండవు. ప్రోనోటం వెనక అంచున ఉన్న రోమాల్లో రెండో జత తన పక్కవాటికంటే పొడవుగా, లావుగా ఉంది. మూడో జత నెత్తి రోమాలు వెనక నేత్రాల మధ్యలో ఉన్నాయి. ఇవన్నీ కలిసి వచ్చాక వేరే పేరుకు చోటు లేదు. అయితే డోర్సాలిస్ అన్న పేరు కింద ఆకారంలో తేడా దొరకని అనేక జాతులు దాగి ఉన్నాయని డీఎన్‌ఏ పరిశోధనలు చెప్పాయి కాబట్టి, రిపోర్టులో 'ఆకార లక్షణాల ప్రకారం' అని రాశాను.

పైముడత చేసింది ఇదే. చిగుళ్లలో, లేత ఆకుల అడుగున బతికే పురుగు. పూవులో వెతికితే దొరకడం తక్కువ.

రెండో పసుపు రకానికి 7 ఖండాల మీసం, నెత్తి మీద రెండే జతలు. ఒళ్లంతా ఒకే పసుపు, ఎక్కడా ముదురు మచ్చ లేదు. అంటే త్రిప్స్ ప్రజాతిలోనే పసుపుది. ఇక్కడ నాకు గుబులు పెట్టేవి రెండు పేర్లు: త్రిప్స్ పాల్మి, త్రిప్స్ ఫ్లేవస్. టబాకి పసుపు రూపం కూడా ఈ గుంపులో చూడాల్సిందే.

టబాకి సంగతి తేల్చడానికి పొట్ట పక్క పలకలు చాలు. టబాకి అయితే అక్కడి గీతల మీద సన్నటి నూగు వరసలుంటాయి, ఇక్కడ నున్నగా ఉంది. రెండో ఖండం పైపలక పక్క అంచున టబాకికి మూడు రోమాలు, పాల్మికి నాలుగు. ఇక్కడ నాలుగు లెక్కకు వచ్చాయి. ముందు రెక్క మొదటి నరం చివరి సగంలో టబాకికి మామూలుగా నాలుగు, పాల్మికి మామూలుగా మూడు. ఇక్కడ మూడు. ముందే రాసుకున్న ఎర్ర నేత్రాలు కూడా దీనికి తోడయ్యాయి.

పాల్మికి, ఫ్లేవస్‌కు మధ్య తేడా మరీ సన్నం. పాల్మిలో మూడో జత నెత్తి రోమాలు నేత్రాల త్రికోణానికి కొంచెం బయట, లేదా ముందు నేత్రాన్ని వెనక నేత్రాలతో కలిపే గీతను తాకుతూ ఉంటాయి. ఫ్లేవస్‌లో త్రికోణం లోపల, ముందు నేత్రం వెనకే ఉంటాయి. ఒరిగిపోయిన స్లైడ్‌ను పక్కనపెట్టానని చెప్పింది ఇందుకే. అందులో ఒక రోమం త్రికోణం లోపల, ఇంకొకటి బయట ఉన్నట్టు కనిపించింది. తిన్నగా ఉన్న స్లైడుల్లో రెండూ బయటే. తర్వాత మెటానోటం గీతలు. పాల్మిలో అవి వెనక్కి పోయేకొద్దీ దగ్గరవుతాయి, ఫ్లేవస్‌లో అలా కలవవు. ఇక్కడ దగ్గరయ్యాయి, పక్కన సెన్సిల్లా జత కూడా కనిపించింది. చివరికి కొలత: మీసం ఆరో ఖండం పాల్మిలో మామూలుగా 42 నుంచి 48 మైక్రాన్లు, ఫ్లేవస్‌లో 54 నుంచి 60. కొలిచినవన్నీ మొదటి పరిధిలోనే పడ్డాయి. త్రిప్స్ పాల్మి.

కొలతను చివరికి ఉంచుకోవడం నా అలవాటు. మొదటే కొలిస్తే ఆ అంకె మనసులో కూర్చుని మిగతా లక్షణాల్ని తనవైపు లాక్కుంటుంది.

మూడో పసుపు రకం చూడగానే అయోమయం పెట్టింది. ఇదీ త్రిప్స్ ప్రజాతే, పాల్మికంటే సన్నగా, చిన్నగా ఉంది. కానీ మొదటి నరం మీద రోమాల వరస తెగలేదు. పసుపు త్రిప్స్‌కు నిండు వరస ఏమిటని పొట్ట చివర చూస్తే గుండ్రంగా ముగిసింది, గుడ్లు పెట్టే సాధనం లేదు, కింది పలకల మీద అడ్డంగా గ్రంథుల మచ్చలున్నాయి. మగవి. పార్విస్పైనస్‌లో ఆడది గోధుమ, మగది పసుపు. నల్లవీ పసుపువీ ఒకటేనన్న సలహాదారు మాటలో నిజం ఉన్న చోటు ఇదొక్కటే. అవి పిల్లలు కావు, మగవి.

మగవాటి మీద ఆధారపడి జాతి పేరు పెట్టడం నాకిష్టం ఉండదు. గుర్తింపు పట్టికలు ఎక్కువగా ఆడవాటి మీద రాసినవి. ఇక్కడ అదే సీసాలో ఆడవి బోలెడు ఉండి, రెక్క నరం, మెటానోటం రెండూ సరిపోయాయి కాబట్టి 'పార్విస్పైనస్ మగవి' అని రాయగలిగాను. మగవి మాత్రమే వచ్చి ఉంటే ప్రజాతి దగ్గర ఆపేవాణ్ణి.

రిపోర్టులో రాసింది, రాయనిది

రిపోర్టులో ప్రతి జాతి పేరు పక్కన ఏ లక్షణాలు చూసి ఆ పేరు పెట్టానో రాశాను. ఒట్టి పేరు రాసిచ్చే రిపోర్టుతో ఇబ్బంది ఏమిటంటే, రేపు ఇంకొకరు దాన్ని సరిచూడలేరు. స్లైడుల నంబర్లు కూడా అందులోనే ఉన్నాయి. అవసరమైతే ఎవరైనా అదే స్లైడు అడిగి చూసుకోవచ్చు.

రెక్కల్లేని పిల్ల పురుగులకు పేరు రాయలేదు. పిల్లల్ని గుర్తించే పట్టికలు కొన్ని జాతులకు ఉన్నాయి కానీ, నాలుగు పంట జాతుల పెద్దవి కలిసి ఉన్న సీసాలో ఏ పిల్ల ఏ తల్లిదో ఆకారాన్ని బట్టి చెప్పడం నా వల్ల కాదు. 'త్రిపిడే పిల్లలు' అని మాత్రమే రాశాను. సలహాదారు దీని మీదే ఎక్కువ అడిగారు. "పిల్లలు దేనివో తెలియకపోతే ఎలా సర్?" అన్నారు. ఆయన అడిగింది సరైనదే, ఎందుకంటే తామర పురుగులు మోసే టోస్పోవైరస్‌లు పిల్ల దశలో తిన్నప్పుడే పురుగు ఒంట్లోకి చేరతాయి. పెద్దయ్యాక అంటిస్తాయి. పాల్మి వేరుశనగ మొవ్వు కుళ్లు వైరస్‌ను మోస్తుంది, షుల్ట్‌జై టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్‌ను మోస్తుంది. ఏ జాతి పిల్లలు ఆ మొక్క మీద పెరుగుతున్నాయన్నది వైరస్ లెక్కలో పెద్ద విషయమే. అందుకు రెండు దారులు చెప్పాను. పిల్లల్ని ప్రాణంతో పట్టి, ఆకు మీద పెద్దవయ్యేదాకా పెంచి చూడటం. లేదా 95 శాతం ఆల్కహాల్‌లో పెట్టి డీఎన్‌ఏ బార్‌కోడ్‌కు, అంటే డీఎన్‌ఏ ముక్క చదివి జాతి తేల్చే పరీక్షకు పంపడం.

నమూనా ఇంకోసారి ఎలా తీయాలో రాసిన పేరాయే సలహాదారుకు ఎక్కువ పనికొచ్చిందని తర్వాత ఫోన్లో చెప్పారు. పూలు ఒక సీసాలోకి, చిగుళ్లు ఇంకో సీసాలోకి విడివిడిగా దులపాలి. మొదటి సీసాలో రెండూ కలిసిపోయాయి కాబట్టి పైముడత చేసింది డోర్సాలిస్ అని నేను పురుగు స్వభావం తెలిసి అన్నానే తప్ప, అది చిగుళ్లలోంచే వచ్చిందని సీసా చెప్పలేదు. సీసా నిండా ఆల్కహాల్ పోయాలి. సగం ఖాళీగా ఉంటే దారిలో ఊగి మీసాలు, రెక్కలు విరుగుతాయి. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయాలి, పెన్నుతో రాస్తే ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. రంగు చూసి ఏరకూడదు, పడినవన్నీ వేయాలి. నల్లవి మాత్రమే ఏరి పంపే అలవాటు ఉంటే ఈ కేసులో డోర్సాలిస్, పాల్మి రెండూ మా దాకా వచ్చేవే కావు.

రెండోసారి పంపినప్పుడు ఆయన విడివిడిగానే పంపారు. చిగుళ్ల సీసాలో దాదాపు అంతా డోర్సాలిసే. పూల సీసాలో పార్విస్పైనస్ ఆడవీ మగవీ, వాటి మధ్య షుల్ట్‌జై. పాల్మి రెండు సీసాల్లోనూ కొద్దికొద్దిగా ఉంది. పూవుల మీదికే గురిపెట్టిన మందు పిచికారీ పైముడతను ఎందుకు ఆపలేదో ఆయనకు ఈ రెండు సీసాలు పక్కపక్కన పెట్టి చూస్తేనే అర్థమైంది.

ఒక ఫ్రాంక్లినియెల్లా ఆడది మాత్రం పేరు లేకుండా మిగిలింది. తల మెడ దగ్గర తెగిపోయింది, ఎనిమిదో ఖండం మడతపడి దువ్వెన ఉందో లేదో కనిపించలేదు. ప్రోనోటం ముందు రోమాలను బట్టి ప్రజాతి ఖాయం. పక్కనున్నవన్నీ షుల్ట్‌జై కాబట్టి ఇదీ అదే అయ్యుండొచ్చు, అయినా ఆ స్లైడు మీద 'ఫ్రాంక్లినియెల్లా జాతి' అని మాత్రమే రాసి పెట్టెలో పెట్టాను.